మొక్కు లేని నడక

మన పశ్చిమ కర్నూలు పల్లెల్లో ఎవరైనా దారిన నడిచి పోతున్నారంటే దానికో కారణం ఉండి తీరుతుంది. శ్రావణమాసమైతే ఉరుకుంద ఈరన్నకో, మంత్రాలయం రాఘవేంద్రస్వామికో మొక్కు. మిగతా నెలల్లో కూలి, గొర్రెల మేత, సంత, బస్సు. మిరప, పత్తి పనులు మొదలైతే సుగ్గి. పెళ్లాం పిల్లలతో, మూటాముల్లెతో గుంటూరు వైపు వలస పోవడాన్ని ఇక్కడ ఆ మాటతోనే పిలుస్తారు. ఈ కారణాలేవీ లేకుండా పిల్లల చేయి పట్టుకుని ఏటి గట్టు వెంట నడిచే కుటుంబం కనిపిస్తే నలుగురూ ఆగి చూస్తారు. ఆగి చూడనక్కర్లేనంత మామూలు సంగతిగా ఆ నడక మారాలని నా కోరిక. నడిచే కొద్దీ ఆ కోరిక బలపడుతోంది.

నేను చెబుతున్నది ఎమ్మిగనూరు దగ్గరి నందవరం గురించి. చౌడేశ్వరి అమ్మవారి నందవరం బనగానపల్లె దగ్గరిది, అది వేరు. మా నందవరానికి అలాంటి పేరున్న గుడి లేదు. ఉన్నది ఉత్తరాన తుంగభద్ర. ఏటి పొడవునా గురజాల, నాగలదిన్నె, నది కైరవాడి లాంటి ఊళ్లు. పశ్చిమాన, ఎగువన మంత్రాలయం. తూర్పున, దిగువన సుంకేసుల. దక్షిణాన ఎమ్మిగనూరు, అక్కడి నుంచి సుమారు ముప్పై కిలోమీటర్లు పోతే ఆదోని కోట. ఏటి అవతలి ఒడ్డు పైన కర్ణాటకది, కిందికి వస్తే తెలంగాణది. ఇవతలి ఒడ్డు ఆంధ్రది. ఇక్కడి పిల్లలకు మూడు రాష్ట్రాలు పటంలో కంటే ముందు కంటికే కనబడతాయి.

బయటి నుంచి వచ్చేవారు ఈ నేలను చూసే తీరు ఒకటుంది. కారులో మంత్రాలయం, దర్శనం, అవతలి ఒడ్డున పంచముఖి ఆంజనేయుడు, తీరిక ఉంటే ఆదోని, సాయంత్రానికి తిరుగు ప్రయాణం. స్థలాలన్నీ చూసినట్టే ఉంటుంది. కానీ ఆ కోట అక్కడే ఎందుకు ఉంది, ఆ మఠం ఈ ఒడ్డునే ఎందుకు వెలిసింది, ఇంత ఏరు పక్కన పెట్టుకుని ఈ పొలాలు ఎందుకు ఎండుతున్నాయి అనే ప్రశ్నలు కారు అద్దంలోంచి పుట్టవు. వాటి జవాబులు స్థలాలలో ఉండవు. స్థలానికీ స్థలానికీ నడుమ ఉన్న నేలలో ఉంటాయి. కారు మనకు మిగల్చకుండా చేసేది ఆ నడుమ నేలనే.

పిల్లలతో నడవడంలో మేలు ఇక్కడే ఉంది. పెద్దలు గమ్యం కోసం నడుస్తారు. పిల్లలు దారి కోసం నడుస్తారు. ప్రతి రాయి దగ్గరా ఆగుతారు, ప్రతి గుంతలోకీ తొంగి చూస్తారు. తొందరపెట్టకుండా వాళ్ల వెనకే పోతే, మనం ఏళ్ల తరబడి చూసి కూడా చూడనివి కళ్లబడతాయి. ఒక శీతాకాలపు ఉదయం నల్లరేగడి చేలలోంచి ఏటి వైపు నడుస్తున్నాం. శనగ చేను మీద మంచు ఇంకా ఆరలేదు. గట్టున తుమ్మలు, తంగేళ్లు. దూరంగా గొర్రెల మంద, కంబళి కప్పుకున్న కాపరి. మా పెద్దపిల్ల ఉన్నట్టుండి అడిగింది: "ఏరు ఇంత దగ్గరుంటే ఈ చేనికి నీళ్లు ఎందుకు లేవు?"

ఆ ప్రశ్నకు నోటితో జవాబు చెప్పే పని పడలేదు. ఇంకొంత దూరం నడిచాక ఒడ్డు వచ్చింది. మేము నిలబడ్డ నేల ఎంత ఎత్తున ఉందో, నీళ్లు ఎంత లోతున పారుతున్నాయో తనే చూసింది. ఏరు పల్లంలో ఉంది, పొలం మెట్టన ఉంది. నీటిని పైకి ఎత్తాలి, లేదా ఎక్కడో ఎగువన ఆపి కాలువలో తేవాలి. ఎత్తడానికి గురు రాఘవేంద్ర ఎత్తిపోతల పథకం పెట్టారు. తేవడానికి హోస్పేట దగ్గర 1953లో పూర్తయిన తుంగభద్ర ఆనకట్ట నుంచి దిగువ కాలువ ఉంది, ఇక్కడివాళ్లు ఎల్లెల్సీ అనేది దాన్నే. కాలువ చివరికి వచ్చేసరికి నీరు పలచబడుతుంది. దిగువన సుంకేసుల కథ ఇంకా పాతది. 19వ శతాబ్దంలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ అక్కడ ఆనకట్ట కట్టి, కర్నూలు నుంచి కడప దాకా కేసీ కాలువ తవ్వింది. కంపెనీ నష్టాల్లో కూరుకుపోతే 1882లో ప్రభుత్వం దాన్ని కొనుక్కుంది. ఇవన్నీ పుస్తకంలో చదివితే పిల్లలకు తారీఖులు. ఒడ్డున నిలబడి, ఎత్తూ పల్లమూ కళ్లతో కొలిచాక వింటే తమ ఊరి సంగతులు.

ఆ ఉదయమే ఒక పెద్దాయన ఎదురొచ్చాడు. భుజాన తువ్వాలు, చేతిలో కర్ర. మమ్మల్ని పైనుంచి కిందికి చూసి అడిగాడు.

"యాడికప్పా, పిల్లోళ్లను ఏసుకోని? మంత్రాలయానికా?"

"లేదు పెద్దాయనా, ఊరికే. ఏరు చూపిద్దామని."

"మొక్కేమన్నా ఉండాదా?"

"మొక్కేం లేదు."

కాసేపు ఆలోచించాడు. తర్వాత పిల్లలను దగ్గరికి పిలిచి, కర్రతో ఏటి వైపు చూపిస్తూ, తన చిన్నతనంలో పుట్టిలో అవతలికి ఎట్లా దాటేవారో, పుట్టి గిరగిరా తిరగకుండా తెడ్డు ఎట్లా వేయాలో చెప్పాడు. వరదొస్తే ఏ చెట్టు దాకా నీళ్లు వచ్చాయో చూపించాడు. పోయేటప్పుడు మాత్రం "మంచిది, చూపీయండి. ఇప్పటి పిల్లోళ్లకు ఏరంటే ఏంటిదో తెలీదు" అన్నాడు. మొక్కు లేని నడకకు ఆ ఏటి ఒడ్డున దొరికిన మొదటి ఆమోదం అది.

నిజానికి ఈ ఆమోదం మా జిల్లాలోనే 2,200 ఏళ్ల కిందట రాతి మీద చెక్కి ఉంది. పత్తికొండ నుంచి గుత్తి పోయే దారిలో, తుగ్గలి మండలం జొన్నగిరి పరిసరాల్లో ఎర్రగుడి గుండ్లు ఉన్నాయి. తొలకరి వానకు వజ్రాలు వెతకడానికి జనం వచ్చే నేల అది. ఆ గుండ్ల మీద అశోకుడి శాసనాలు ఉన్నాయి. పెద్ద శిలాశాసనాలు, చిన్న శిలాశాసనం రెండూ ఒకే చోట ఉండడం అరుదు. చిన్న శాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, తర్వాతివి కుడి నుంచి ఎడమకు సాగుతాయి. నాగలి చాలు తిరిగినట్టు రాత తిరుగుతుంది. దుక్కి చూసిన పిల్లలకు ఆ పోలిక ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. తల్లిదండ్రుల మాట వినాలని, ప్రాణుల మీద దయ ఉండాలని కూడా అందులో ఉంది. ఇది వాళ్లకు కొత్త సంగతి కాదు కానీ, ఇంట్లో రోజూ వినే మాట ఇంత పాతదా అని ఆశ్చర్యపోతారు.

పెద్ద శాసనాల్లో ఎనిమిదోది యాత్రల గురించే. వెనుకటి రాజులు వేట కోసం, వినోదం కోసం విహారయాత్రలు చేసేవారని అశోకుడు అంటాడు. తాను పట్టాభిషేకమైన పదేళ్లకు బోధివృక్షం దగ్గరికి వెళ్లానని, అక్కడి నుంచి ధర్మయాత్రలు మొదలయ్యాయని చెబుతాడు. ఆ యాత్రల్లో ఏం చేస్తారో కూడా చెప్పాడు. శ్రమణులను, బ్రాహ్మణులను చూడడం, పెద్దవాళ్లను కలవడం, పల్లెల్లో ఉండే జనాన్ని చూసి వాళ్లతో మాట్లాడడం. రెండో శాసనంలో దారుల వెంట చెట్లు నాటించానని, బావులు తవ్వించానని, అవి మనుషులకూ పశువులకూ అని ఉంది. ఇంతకంటే మంచి నడక పద్ధతిని ఇప్పటికీ ఎవరూ రాయలేదని నా నమ్మకం. వెళ్లు, పెద్దలను కలువు, పల్లె జనంతో మాట్లాడు, దారిలో నీడా నీళ్లూ ఉండేలా చూడు.

ఇక ఆదోని. పిల్లల కాళ్లకు తగిన కొండ అది. రణమండల ఆంజనేయుడి గుడికి మెట్లున్నాయి. పొద్దున్నే బయల్దేరి, గుండ్ల నీడలో ఆగుతూ ఆగుతూ ఎక్కవచ్చు. పైకి పోయాక చుట్టూ చూస్తే కోట రహస్యం తెలిసిపోతుంది. నల్లరేగడి మైదానం మధ్య ఈ కొండలు ఒక్కసారిగా లేచి నిలబడ్డాయి. ఎటు నుంచి దండు వచ్చినా ముందే కనబడుతుంది. ఉత్తరాన తుంగభద్ర, దాని అవతల కృష్ణ, రెండింటి నడుమ రాయచూరు అంతర్వేది. ఆ సారవంతమైన నేల కోసం విజయనగర రాజులు, బహమనీలు, తర్వాత బిజాపూరు సుల్తానులు తరాల తరబడి కొట్టుకున్నారు. 1520లో శ్రీకృష్ణదేవరాయలు రాయచూరును గెలిచింది ఆ పోరులోనే. ఆ అంతర్వేదికి దక్షిణాన కాపలా కాసిన కొండ ఆదోని. 1565లో తళ్లికోట యుద్ధంలో విజయనగరం ఓడాక, 1568లో ఆదోని బిజాపూరు చేతికి వచ్చింది. 1688లో మొగలులకు, తర్వాత నిజాం కుటుంబానికి, 1786లో టిప్పు సుల్తానుకు, 1800లో ఇంగ్లీషు కంపెనీకి పోయింది. ఇన్ని చేతులు మారడానికి కారణం పుస్తకం చదివి గుర్తు పెట్టుకోవడం కష్టం. కొండ మీద నిలబడితే చాలు.

ఆ కొండ కిందే జామియా మసీదు. బిజాపూరు తరఫున ఆదోనిని ఏలిన సిద్ది మసూద్ ఖాన్ 17వ శతాబ్దంలో కట్టించింది. మంత్రాలయం భూమిని రాఘవేంద్రస్వామికి ఇచ్చింది కూడా ఆ నవాబేనని మఠం సంప్రదాయం చెబుతుంది. అప్పుడు ఆ ఊరి పేరు మంచాల. గ్రామదేవత మంచాలమ్మ ఇప్పటికీ అక్కడే ఉంది, భక్తులు మొదట ఆమెకు దండం పెట్టాకే బృందావనం దగ్గరికి పోతారు. స్వామి 1671లో బృందావన ప్రవేశం చేశారు. పశువులు కాసే వెంకన్న అనే చదువురాని కుర్రవాడు స్వామి అనుగ్రహంతో నవాబుకు వచ్చిన ఉత్తరాన్ని చదివాడని, తర్వాత ఆదోని దివానుగా ఎదిగాడని, బృందావనం కట్టించే పని అతనే చూసుకున్నాడని ఇక్కడ ఇంటింటా చెప్పుకుంటారు.

ఆదోనిలో మసీదు చూసి, మరో వారం మంత్రాలయంలో బృందావనం చూస్తే రెండు వేర్వేరు స్థలాలు, రెండు వేర్వేరు మతాలు. ఆ రెంటి నడుమ దారిలో ఏ కాస్త దూరమైనా నడిస్తే ఒకే కథలో రెండు అధ్యాయాలు. ఒకే పాలకుడు, ఒకే కాలం, ఒకే నేల. ఆ దారికి కాస్త పడమరగా కౌతాళంలో ఖాదర్‌లింగ స్వామి దర్గా ఉంది. ఖాదర్, లింగ, స్వామి, మూడూ ఒకే పేరులో. మతాల గురించి పిల్లలకు చెప్పవలసిన మంచి మాటలన్నీ ఈ పేరును చూపిస్తే చెప్పినట్టే. పెద్దవాళ్లం ఈ రోజుల్లో మరిచిపోతున్న సంగతి కాబట్టి, మనం కూడా పక్కనే నిలబడి వినడం మంచిది.

సర్ థామస్ మన్రో పేరు కూడా ఈ దారుల్లోనే వినబడుతుంది. 1800లో దత్తమండలాలు కంపెనీకి వచ్చాక కలెక్టరుగా వచ్చి, ఊరూరా తిరిగి పొలాలు కొలిపించి, రైతుకు నేరుగా పట్టా ఇచ్చే రైత్వారీ పద్ధతిని ఇక్కడ పాదుకొల్పినవాడు. మఠం భూముల విషయంలో స్వామి అతనికి బృందావనంలోంచి దర్శనమిచ్చి మాట్లాడారని భక్తుల విశ్వాసం. తర్వాత మద్రాసు గవర్నరై, 1827 జూలైలో మళ్లీ ఈ జిల్లాలకు వచ్చి, పత్తికొండలో కలరాతో చనిపోయాడు. ఆ శతాబ్దం తొలి దశాబ్దాల్లోనే కంపెనీ సర్వే అధికారి కర్నల్ మెకంజీ తరఫున కావలి సోదరులు, వాళ్ల సహాయకులు పల్లె పల్లెకూ పోయి, కరణాలనూ పెద్దలనూ అడిగి కైఫీయతులు రాయించారు. ఏ గుడి ఎవరు కట్టించారు, ఏ చెరువు ఎప్పుడు తెగింది, ఏ ఊరికి ఆ పేరెట్లా వచ్చింది అన్నవన్నీ వాటిలో ఉన్నాయి. మన ఊళ్ల చరిత్రలో సగం కాలినడకన సేకరించినదే. పిల్లల చేతికి ఒక నోటు పుస్తకం ఇచ్చి, ఎదురైన తాతనూ అవ్వనూ అడిగి రాసుకోమంటే కావలి సోదరుల పని ఇప్పుడు కూడా ముందుకు సాగుతుంది.

నాగలదిన్నె దగ్గర నడక వేరే పాఠం చెబుతుంది. ఇక్కడి వంతెన అవతల జోగులాంబ గద్వాల జిల్లా అయిజ వైపు పోయే దారి. 2009 అక్టోబరులో తుంగభద్రకు వచ్చిన వరద కర్నూలు నగరాన్ని ముంచింది, మంత్రాలయం మఠంలోకి వచ్చింది, నాగలదిన్నె వంతెనను ఊడ్చుకుపోయింది. కొత్త వంతెన వచ్చేదాకా ఏళ్ల తరబడి అటూ ఇటూ ఉన్న బంధుత్వాలకు చుట్టుదారే గతి. ఎండాకాలంలో సన్నటి పాయగా కనిపించే ఈ నీరే అంత పని చేసిందంటే పిల్లలు మొదట నమ్మరు. ఒడ్డున ఉన్న ఊళ్లలో అడిగితే ఆ రాత్రి సంగతులు చెప్పే వాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఏటి మీద ప్రేమతో పాటు భయం కూడా ఉండాలని అప్పుడు అర్థమవుతుంది.

ఆ భయం కొన్ని జాగ్రత్తలుగా మారాలి. ఈ నేలలో నడక కార్తీకం నుంచి మాఘం దాకానే బాగుంటుంది. శివరాత్రి దాటితే ఎండ పిల్లలు ఓర్చేది కాదు. తెల్లవారుజామున బయల్దేరి, పది గంటలకు నీడ పట్టాలి. వానాకాలంలో ఏటి ఇసుకలోకి పిల్లలను దింపకూడదు. ఇక్కడ చినుకు లేకపోయినా ఎగువ ఆనకట్ట గేట్లు ఎత్తితే నీళ్లు వచ్చేస్తాయి. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర ఆనకట్ట 19వ గేటే కొట్టుకుపోయిన సంగతి అందరికీ తెలుసు. ఇసుక తవ్విన గుంతలు నీటి కింద కనబడవు. ఈ ఏటిలో మొసళ్లు కనిపించిన సందర్భాలూ ఉన్నాయి. అందుకని గట్టు మీదే నడవాలి, స్నానం ఘాట్లలోనే చేయాలి. దూరం ఎంత అనేది ఆ గుంపులో అందరికంటే చిన్నవాడు తేల్చాలి. వాడు అలిసిన చోటే ఆ రోజు నడక ముగిసినట్టు. చేలలోంచి పోకుండా గట్టు మీదుగా పోవాలి. రైతు కనిపిస్తే అడిగి దాటాలి. కోట రాళ్ల మీద పేర్లు చెక్కే పని పెద్దలు మానితే పిల్లలు మొదలుపెట్టరు.

తిండి విషయంలో ఈ ప్రాంతానికి సాటి లేదు. మూటలో జొన్నరొట్టె, శనగకాయల పొడి ఉంటే మధ్యాహ్నం దాకా ఢోకా లేదు. ఎమ్మిగనూరు చేరితే వేడి ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. అక్కడ నేతవారి వీధుల్లో కూడా పిల్లలను ఒకసారి నడిపించాలి. మాచాని సోమప్ప 1938లో నెలకొల్పిన చేనేత సహకార సంఘం ఈ ఊరి పేరును దేశమంతా తెలిసేలా చేసింది. మగ్గం చప్పుడు దగ్గర నిలబడి విన్న పిల్లకు తువ్వాలు ధర ఎందుకంతో ఇంకెవరూ చెప్పనక్కర్లేదు.

ఇన్ని చెప్పాక ఒక సంగతి దాటవేస్తే అన్యాయం అవుతుంది. మేము నడిచే ఈ దారుల్లోనే సుగ్గికి పోయే కుటుంబాల పిల్లలు బడి మానేసి నడుస్తారు. వాళ్లకు నడక కొత్తా కాదు, సరదా కాదు. అలాంటి చోట తీరిక నడక గురించి రాయడం తగునా అని నన్ను నేను అడుక్కున్నాను. తగుతుందనే నా తీర్పు. తన ఊరు చరిత్రలో ఎక్కడ నిలబడిందో, తన చేనుకు నీళ్లు ఎందుకు రావడం లేదో తెలిసిన పిల్ల రేపు పెద్దదై ఆ నీటి కోసం గట్టిగా అడుగుతుంది. తెలియని పిల్ల బస్సెక్కి వెళ్లిపోతుంది. అందుకే ఈ నడక పట్నం నుంచి వచ్చే కుటుంబాలకు మాత్రమే సొంతం కాకూడదు. నందవరం, గురజాల, కైరవాడి బడిపిల్లలకు మొదట దక్కాలి. పంతుళ్లు, పంతులమ్మలు ఏడాదికి ఒక్క రోజు తరగతిని ఏటి గట్టుకు తీసుకుపోతే దానికి ఖర్చు ఏమీ లేదు.

ఖర్చు అయ్యేది నీడకూ నీళ్లకూ. పుష్కరాలు వచ్చినప్పుడు ఘాట్లకు, రోడ్లకు డబ్బు దొరుకుతోంది. ఘాటుకూ ఘాటుకూ నడుమ గట్టు వెంట వేపలు, కానుగలు నాటి, అక్కడక్కడా ఒక చేతిపంపు వేస్తే అది పన్నెండేళ్లకు ఒకసారి వచ్చే భక్తులకే గాక, రోజూ నడిచే కాపరికి, కూలికి, బడిపిల్లకు, వాళ్ల గొర్రెలకు కూడా ఉపయోగం. ఆదోని కోట ఎక్కే చోట, ఎర్రగుడి గుండ్ల దగ్గర, నాగలదిన్నె వంతెన దగ్గర అచ్చ తెలుగులో, పిల్లలకు అర్థమయ్యే నాలుగు వాక్యాల పలకలు పెట్టాలి. మండల అధికారులకు, పంచాయతీలకు నా విన్నపం ఇదే. ఎర్రగుడి రాతి మీద అశోకుడు రాయించిన పని పట్టిక ఇంతకంటే పెద్దదేం కాదు.

అది జరిగేదాకా కూర్చోనక్కర్లేదు. ఈ కార్తీకంలో ఒక ఆదివారం పిల్లలను తీసుకుని గురజాల వైపో, నాగలదిన్నె వైపో రండి. ఎవరైనా "మొక్కేమన్నా ఉండాదా?" అని అడిగితే లేదని చెప్పి, ఆగి వాళ్లతో పది నిమిషాలు మాట్లాడండి.